ఊరుగాని ఊళ్లో కూడూ గూడూ

సంక్రాంతి దాటాక నల్లపాడు రైల్వేస్టేషన్‌లో దిగే కొందరి మూటలు చూస్తే చాలు, వాళ్లు చుట్టపుచూపుగా రాలేదని తెలిసిపోతుంది. సత్తు గిన్నెలు, ప్లాస్టిక్ బిందె, చుట్టచుట్టి కట్టిన పట్టా, గోనెసంచిలో బియ్యమో జొన్నలో, చంకలో పిల్ల. నంద్యాల నుంచి గిద్దలూరు, మార్కాపురం, వినుకొండ, నరసరావుపేట మీదుగా వచ్చే లైను, నల్గొండ వైపు పగిడిపల్లి నుంచి వచ్చే లైను రెండూ కలిసేది ఇక్కడే. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, అంటే కోసిగి, మంత్రాలయం, ఆదోని, ఆలూరు పక్కన, ఈ ప్రయాణానికి 'సుగ్గికి పోవడం' అని పేరు. రైల్లో వచ్చేవాళ్లు కొందరే. ముఠాలు ముఠాలుగా లారీల్లోనూ ఆటోల్లోనూ వచ్చేవాళ్లే ఎక్కువ. తెలంగాణ నుంచీ ఛత్తీస్‌గఢ్, ఒడిశాల నుంచీ కూడా వస్తారు.

వాళ్లు రాకపోతే గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీ (మిరప బస్తా) కదలదు. మిరపకాయ చెట్టు మీద ఒక్కసారే పండదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా రెండు మూడు కోతలు పడతాయి, ప్రతి కాయా చేత్తో తుంచాల్సిందే. అంతకుముందు పత్తి తీతలదీ ఇదే కథ. ఇంత పని ఊళ్లో ఉన్న చేతులతో తెమలదని రైతుకూ తెలుసు, కూలీలను తెచ్చే మేస్త్రీకీ తెలుసు, అధికారులకూ తెలుసు. కూలీలు మాత్రం చేను గట్టున, కల్లం పక్కన, కోల్డ్ స్టోరేజీల వెనక ఖాళీ జాగాలో నాలుగు కర్రలు పాతి పట్టా కప్పుకుంటారు.

మామూలు రోజుల్లో వాళ్ల తిండీ నీడా రైతూ మేస్త్రీ చూసుకుంటారు. ఎంత బాగా చూసుకుంటారన్నది వేరే సంగతి. ఆ ఏర్పాటు తెగిపోయిన రోజున ఏం జరుగుతుందన్నదే ఈ కథనం. అకాల వర్షం రావచ్చు, తుపాను రావచ్చు, గుడారం అంటుకోవచ్చు, మేస్త్రి అడ్వాన్సుతో మాయమైపోవచ్చు. ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలి, పొద్దున ఏం తినాలి అన్నదానికి ప్రభుత్వం దగ్గర నిబంధనలు లేవనుకుంటే పొరపాటు. కావలసినన్ని ఉన్నాయి. చిక్కల్లా ఆ నిబంధనలను అమలు చేసే బల్ల ముందు మొట్టమొదట వినబడే ప్రశ్నతోనే: 'మీదే ఊరమ్మా?'

బియ్యం వెంట వచ్చింది

ఈ ప్రశ్న బెడద కాస్తో కూస్తో వదిలింది రేషను బియ్యం విషయంలోనే. 2019 ఆగస్టు 9న ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒక జతగా, గుజరాత్, మహారాష్ట్ర మరో జతగా ఒకే దేశం-ఒకే రేషన్ కార్డు ప్రయోగం మొదలైంది. ఆ తర్వాత అది దేశమంతా పాకింది. ఇవాళ కోసిగి కార్డు నల్లపాడు డీలరు దగ్గర చెల్లుతుంది, ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ కార్డు కూడా చెల్లుతుంది. కార్డు కాగితం కూడా అక్కర్లేదు, నంబరు చెప్పి ఈ-పోస్ యంత్రం మీద వేలు పెడితే సరిపోతుంది. ఇంట్లో కొందరు ఊళ్లోనే ఉండి కొందరు వలస వచ్చినప్పుడు ఎవరి వంతు వారు ఉన్నచోట తీసుకునే వీలు కూడా ఆ పథకంలో ఉంది. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోలు. 2023 జనవరి నుంచి ఇది ఉచితం.

కాగితం మీద ఇంత బాగున్నది చౌక దుకాణం గడప దగ్గర కొంచెం నలుగుతుంది. డీలరుకు సరుకు వచ్చేది తన కార్డుల లెక్కను బట్టి. ముఠాకు ముఠా ఒక్కసారే వచ్చి నిలబడితే 'మా వాళ్లకే చాలదు' అంటాడు. అతని బాధలో అబద్ధం లేదు, కానీ అది చట్టం కాదు. అదనపు సరుకు కోరే దారి అతనికి ఉంది. ఇంకో ఇబ్బంది తేదీలు. 2025 జూన్ 1 నుంచి రాష్ట్రంలో ఇంటింటికీ తిరిగే బండ్లు ఆగిపోయి మళ్లీ దుకాణాలు వచ్చాయి. నెలలో 1 నుంచి 15 దాకా, పొద్దున 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8. పదహారో తారీఖున రైలు దిగినవాళ్లు వచ్చే నెల దాకా ఆగాల్సిందే. మిరప కోసికోసి వేలిముద్రలు అరిగిన చేతులను యంత్రం గుర్తుపట్టకపోవడం మరో తంటా. డీలరు కాదన్నప్పుడు 1967కి గానీ, పక్క రాష్ట్రపు కార్డయితే 14445కి గానీ ఫోన్ చేయవచ్చు. ఇవ్వాల్సిన గింజలు ఇవ్వకపోతే దానికి బదులు భత్యం చెల్లించాలని చట్టం 8వ సెక్షన్ చెబుతోంది. ఆ భత్యం అడిగిన వలస కూలీని నేనింతవరకూ చూడలేదు.

కడుపుతో ఉన్నవాళ్లకూ, బాలింతలకూ, ఆరేళ్లలోపు పిల్లలకూ అంగన్‌వాడీలో భోజనం ఇదే చట్టం ఇచ్చిన హక్కు. బడి ఈడు పిల్ల దగ్గర్లో ఉన్న ప్రభుత్వ బడికి వెళితే డొక్కా సీతమ్మ పేరు పెట్టిన మధ్యాహ్న భోజనం దొరుకుతుంది. గోదావరి లంకల్లో వేళాపాళా లేకుండా వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టిన ఇల్లాలి పేరు అది. ఆవిడ కులమూ ఊరూ అడగలేదని చెప్పుకుంటాం, మన రిజిస్టర్లు అడుగుతాయి.

పది మైళ్ల షరతు

ఆకలికి నిబంధనలు రాయడం ఈ నేలకు కొత్త కాదు. 1832-33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమను కరువు తుడిచిపెట్టింది. సుమారు 5 లక్షల జనంలో 2 లక్షల మంది పోయారని కంపెనీ కాలపు లెక్క. అప్పటికి సర్కారు దగ్గర కరువు సాయానికి పద్ధతంటూ ఏదీ లేదు. సత్రాల్లో పోసే గంజే దిక్కు. ఉన్న ఊళ్లో గింజ లేక జనం మద్రాసు దారి పట్టి, దారిలోనే రాలిపోయారు.

పద్ధతి వచ్చింది 1876-78 ధాత కరువులో, అదీ ఎలాంటి పద్ధతి! 1877లో బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ వచ్చి, కరువు పనిలో రోజంతా మట్టి మోసే మగవాడికి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని తేల్చాడు. పౌనంటే అరకిలో కూడా కాదు. ఆ కూలి మీద మనిషి బతకడని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా పోట్లాడాడు. అప్పటి షరతుల్లో నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది మాత్రం దూరానిది. ఇంటికి పది మైళ్లలోపు ఉన్న పనిలోకి ఒళ్లు వంచగలిగిన మనిషిని తీసుకోరు. తిండి కావాలంటే ఊరు వదిలి నడవాలి. నిజంగా ఆకలేసినవాడే నడుస్తాడని దొరల తర్కం. అప్పుడు ఊరు వదిలితేనే అన్నం. ఇప్పుడు ఊరు వదిలినవాడికే వరసలో చోటు లేదు.

ఆ చేదు నుంచే 1880 కరువు కమిషనూ, దాని వెంట ఫామిన్ కోడ్‌లూ వచ్చాయి. మన తహసీల్దారు ఆఫీసుల అలవాట్లలో వాటి వాసన ఇంకా పోలేదు.

తుపాను రాత్రి చట్టం

తీరం నల్లపాడుకు మరీ దూరమేమీ కాదు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన సుమారు పది వేల మందిని మింగింది. 1990 మే 9 తుపాను నాటికి ముందుగా జనాన్ని తరలించడం నేర్చుకున్నాం, అయినా వెయ్యి మందికి దగ్గరగా పోయారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం వైపు దాటినా ఇటు పల్నాడు దాకా వాన కుమ్మేసింది. రెండూ పత్తి చేలల్లో పని ఉన్న రోజులే. అంటే సుగ్గి జనం ఇక్కడున్న రోజులే.

ఇలాంటప్పుడు పనిచేసేది 2005 విపత్తు నిర్వహణ చట్టం. జిల్లాలో కలెక్టరుది తుది మాట. తహసీల్దారు బడినో కల్యాణ మండపాన్నో పునరావాస కేంద్రంగా తెరుస్తాడు. గ్రామ, వార్డు సచివాలయాల సిబ్బంది, వీఆర్వో జనాన్ని చేరుస్తారు. ముందస్తు మంజూరు కోసం ఆగకుండా ఖజానా నుంచి డబ్బు తీసే వెసులుబాటు కలెక్టరుకు ఉంది. ఆఫీసుల్లో దాన్ని 'టీఆర్-27' అంటారు. అవసరమైతే ప్రైవేటు భవనాన్నీ వాహనాన్నీ స్వాధీనం చేసుకుని తర్వాత పరిహారం ఇవ్వడానికి చట్టం 65, 66 సెక్షన్లు దారి చూపాయి. ఈ లెక్కన నల్లపాడు చుట్టూ ఉన్న గోడౌన్ ఏదైనా ఆ రాత్రికి నీడ కాగలదు.

ఆ నీడ ఎలా ఉండాలో కూడా రాసిపెట్టారు. చట్టం 12వ సెక్షన్ ప్రకారం జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో కనీస ప్రమాణాలు ప్రకటించింది. మనిషికి 3.5 చదరపు మీటర్ల కప్పు కింది చోటు. తాగడానికి రోజుకు కనీసం 3 లీటర్ల నీళ్లు. ముప్పై మందికి ఒక మరుగుదొడ్డి, అది యాభై మీటర్లకు మించిన దూరంలో ఉండకూడదు. పెద్దలకు రోజుకు 2,400 కేలరీల తిండి, పిల్లలకు 1,700. పసిపిల్లలకూ బాలింతలకూ పాలు. టెంపుల్ పౌను దగ్గర నుంచి ఇక్కడిదాకా రావడానికి 139 ఏళ్లు పట్టింది. బడి గదిలో చాపల మీద ఒరుసుకుని పడుకున్నవాళ్లు ఈ 3.5 చదరపు మీటర్ల మాట వింటే నవ్వుతారు. కానీ అడగడానికి ఒక కొలత ఉండటమే పెద్ద సంగతి.

ఈ చట్టంలో ఎక్కడా కేంద్రంలోకి రావాలంటే బియ్యం కార్డు చూపాలని లేదు. సాయంలో కులం, మతం, లింగం చూడరాదని 61వ సెక్షన్ స్పష్టంగా చెప్పింది. 'బాధితులు' అన్న మాటకు పక్కన ఊరి పేరు లేదు. అడ్డుపడేది చట్టం కాదు, జాబితా. సచివాలయం చేతిలో ఉన్నది ఇంటి నంబర్ల వారీగా తయారైన జాబితా. గట్టు మీది పట్టా గుడారానికి ఇంటి నంబరు ఎక్కడిది? దండోరా ఊళ్లో వేస్తారు, చేనుకు వినబడదు. తుపాను హెచ్చరిక ఫోన్‌కు తెలుగులో వస్తే గోండీయో హల్బీయో మాట్లాడే ముఠాకు అది ఎవరు చదివి చెబుతారు?

ఒక చేదు నిజం కూడా చెప్పాలి. మబ్బు పట్టగానే రైతు పట్టాలన్నీ ముందు కల్లంలో ఆరబోసిన కాయ మీదకు పోతాయి. తడిస్తే కాయ నల్లబడుతుంది, ధర సగమవుతుంది, అప్పు మిగులుతుంది. కూలీలే పరిగెత్తి ఆ పట్టాలు కప్పుతారు, కప్పి తాము తడుస్తారు. రైతును తిట్టి లాభం లేదు. ఆ పట్టా కొనడానికీ అతను అప్పే చేశాడు.

కేంద్రానికి చేరినవాళ్లు చేయాల్సిన మొదటి పని రిజిస్టరులో పేరు రాయించుకోవడం. తర్వాత ఇచ్చే సాయానికి అదే ఆధారం. మిచౌంగ్ అప్పుడు శిబిరం నుంచి ఇంటికి వెళ్లే కుటుంబానికి 2,500 రూపాయలు, ఒంటరి మనిషికి 1,000, పాతిక కిలోల బియ్యం, పప్పు, నూనె, ఉల్లి, బంగాళదుంప ప్రకటించారు. మొంథా నాటికి కుటుంబానికి 3,000 అయింది. ఈ మొత్తాలు ప్రతి విపత్తుకూ ప్రత్యేక ఉత్తర్వుతో వస్తాయి, కిందటిసారి వచ్చింది కదా అని ఈసారి హక్కు కాదు. నిలకడగా ఉండేవి విపత్తు నిధి నిబంధనలు. 2022-26 కాలానికి రాసిన వాటిలో ఇల్లు కొట్టుకుపోయినా, పూర్తిగా దెబ్బతిన్నా, రెండు రోజులకు మించి మునిగినా కుటుంబానికి బట్టలకు 2,500, గిన్నెలకు 2,500. గుడిసె పోతే 8,000. గుడిసె అంటే ఏమిటో కూడా అక్కడే వివరించారు: గడ్డి, మట్టి, ప్లాస్టిక్ షీట్లతో వేసుకున్న తాత్కాలిక నివాసం. చదవగానే సుగ్గి గుడారం కళ్లముందు మెదులుతుంది. వెంటనే ఇంకో ముక్క ఉంది, రాష్ట్ర, జిల్లా అధికారులు దాన్ని గుడిసెగా గుర్తించాలని. అక్కడికి వచ్చి ఆగిపోతుంది.

పట్నం గీత, రాష్ట్రం గీత

2012లో నల్లపాడును, గోరంట్ల, పెదపలకలూరు, అడవితక్కెళ్లపాడు లాంటి పక్క ఊళ్లతో కలిపి గుంటూరు నగరపాలక సంస్థలో చేర్చారు. అంతటితో ఇక్కడి నిబంధనల పుస్తకమే మారిపోయింది. విపత్తు లేని రోజుల్లో కూడా నిరాశ్రయులకు నీడ కల్పించాలన్న నియమం పట్నాలకే ఉంది. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన ఆదేశాలతో లక్ష జనాభాకు ఒక వసతి గృహం అన్న కొలత స్థిరపడింది. 2013లో పట్టణ జీవనోపాధి మిషన్‌లో అదే పథకమైంది. వంద మంది పట్టే చోటు, మనిషికి 50 చదరపు అడుగులు, వంటకు వీలు, సామాను దాచుకునే పెట్టె, ఏడాది పొడవునా ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండటం. అక్కడ ఉన్నవాళ్లకు రేషను, బడి, ఓటరు కార్డు కుదిర్చిపెట్టడం కూడా అందులో భాగమే. 2011 నాటికే ఆరు లక్షలు దాటిన గుంటూరుకు ఈ లెక్కన ఆరు ఇళ్లు కావాలి. నల్లపాడు లాంటి జంక్షన్ పక్కన, సుగ్గి దిగే చోట, ఒకటి పెట్టమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

రైలు కట్ట వెంట కాస్త ముందుకు పోతే కార్పొరేషన్ హద్దు అయిపోతుంది. ఆవల పంచాయతీ. అక్కడి చేలో పడుకున్న కుటుంబానికి ఈ నియమం వర్తించదు. కూలీ ఒకడే, కాయ ఒకటే, రాత్రి చలీ ఒకటే.

ఇంకో గీత మరీ వింతైనది. 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కూలీలను తెచ్చిన కాంట్రాక్టరే తగిన వసతి ఇవ్వాలంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలో ఆ చట్టం కలిసిపోయింది. మిరప చేను దాకా అది ఎప్పుడు వచ్చింది అంటే చెప్పడం కష్టం, మేస్త్రికి లైసెన్సేమిటని నవ్వుతారు. వచ్చిందనే అనుకున్నా, ఆ పేరులోని 'అంతర్రాష్ట్ర' చూడండి. ఛత్తీస్‌గఢ్ కూలీ దాని కిందికి వస్తాడు. రాత్రంతా ప్రయాణం చేసి కోసిగి నుంచి వచ్చినవాడు రాడు, ఎందుకంటే అతను రాష్ట్రం దాటలేదు.

2020 వేసవిలో ఈ గీతలన్నీ ఒక్కసారే బయటపడ్డాయి. లాక్‌డౌన్ వచ్చింది నడి కోతల్లో. ఏప్రిల్‌లో ములుగు జిల్లా మిరప చేలకు పనికొచ్చిన ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ పిల్ల, పన్నెండేళ్లది, ముఠాతో కలిసి మూడు రోజులు అడవిదారిన నడిచి, ఇంటికి చేరువలోనే ప్రాణం విడిచింది. బాలకార్మికులను పనికి తేకూడదన్న చట్టం ఉంది, వసతి చట్టం ఉంది, ఆహార చట్టం ఉంది. ఆ పిల్ల దారిలో ఏ చట్టమూ ఎదురు రాలేదు. మరుసటి ఏడాది జూన్ 29న సుప్రీంకోర్టు వలస కార్మికుల కేసులో తీర్పిచ్చింది. జులై 31 లోపు అన్ని రాష్ట్రాలూ ఒకే రేషన్ కార్డు అమలు చేయాలనీ, కొవిడ్ ఉన్నన్నాళ్లూ వలస జనం ఉన్నచోట సామూహిక వంటశాలలు నడపాలనీ చెప్పింది. కార్డు సంగతి నిలిచింది. వంటశాలల సంగతి కొవిడ్‌తో పోయింది.

వంటశాల అనగానే అన్న క్యాంటీన్ గుర్తొస్తుంది. 2018 జులైలో మొదలై, 2019లో మూతపడి, 2024 ఆగస్టు 15న గుడివాడలో మళ్లీ తెరుచుకున్నాయి. అయిదు రూపాయలకు టిఫిను, అయిదు రూపాయలకే భోజనం. పేరు అడగరు, కార్డు అడగరు, ఏ ఊరని అసలే అడగరు. నా దృష్టిలో ఈ రాష్ట్రంలో ఆకలికి ఉన్న నిబంధనల్లో ఇంతకంటే మర్యాదైనది లేదు. గుంటూరులో ఆసుపత్రికి వచ్చినవాళ్లకూ, హమాలీలకూ, ఆటోవాళ్లకూ అది అక్కరకొచ్చింది. మిరప కోతకు వెళ్లే ఆడమనిషికి మాత్రం అందదు. క్యాంటీన్ తెరిచేది పొద్దున ఏడున్నరకు. ఆమె తెల్లవారుజామునే ఆటో ఎక్కేస్తుంది. తిరిగొచ్చాక నగరం నడిబొడ్డుకు పోయి తినే ఓపిక ఎవరికుంటుంది? యార్డుకు వచ్చే సరుకు మీద మార్కెట్ కమిటీకి సెస్సు వస్తుంది. కోతల నాలుగు నెలలూ అందులో కొంత తీసి కల్లాల దగ్గరకే అన్నం బండి పంపితే తప్పేముంది?

రాత్రి గడవని పరిస్థితి వస్తే గుర్తుంచుకోవలసిన అంకెలు కొన్ని: 112 ఏ ఆపదకైనా, 1070 రాష్ట్ర విపత్తుల కంట్రోల్ రూము, 1077 జిల్లాది, 181 మహిళలకు, 1098 పిల్లలకు. మేస్త్రి ఫోన్‌లో కాదు, ముఠాలో ఒక ఆడమనిషి ఫోన్‌లో ఇవి ఉండటం మేలు.

ఇక జాబితా సంగతి. కర్నూలు జిల్లాలో ఏటా సీజనల్ హాస్టళ్లు తెరుస్తారు, సుగ్గికి పోయే తల్లిదండ్రుల పిల్లలు బడి మానకుండా అక్కడ ఉంచడానికి. అందుకోసం ఏ ఊరి నుంచి ఏ కుటుంబం వలస పోయిందో బడి పంతుళ్లు లెక్క కడతారు. అంటే పోయినవాళ్లెవరో అక్కడి సర్కారుకు తెలుసు. వచ్చినవాళ్లెవరో ఇక్కడి సర్కారుకు తెలియదు. రెండు కలెక్టరేట్లూ ఒకే ప్రభుత్వానివి. ఆ కాగితాన్ని డిసెంబరులో గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాలకు పంపితే, ఏ సచివాలయం పరిధిలో ఏ ముఠా దిగిందో వీఆర్వో నాలుగు రోజుల్లో సరిచూసుకోగలడు. డీలరుకు అదనపు బియ్యం, అంగన్‌వాడీకి అదనపు గుడ్లు, తుపాను వస్తే ఏ బడికి ఎంతమందో ముందే తేలిపోతుంది. కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త బడ్జెట్టూ పెద్దగా అక్కర్లేదు. ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు ఒక మెయిల్, అది కూడా మొదటి కోతకు ముందు.